పర్లాకిమిడి కొండల్లో గుడారం వేసుకుని రాత్రి గడపడం ఎలా?

పర్లాకిమిడికి తొలిసారి వచ్చేవారు రాజమందిరం చూసి, పాత వీధుల్లో కాసేపు తిరిగి, కొమ్ముతో చేసిన బొమ్మ ఒకటి కొనుక్కుని సాయంత్రానికి తిరుగు ప్రయాణమవుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు ఈ పట్టణం ఒడిశాలో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపే మిగిలింది. నేటికీ ఇక్కడ బజారులో తెలుగు, కచేరీలో ఒడియా, కొండెక్కితే సవర వినిపిస్తాయి. ఆ కొండల్లో ఒక రాత్రి గడిపితే తప్ప ఈ ప్రాంతం సగమైనా తెలియదని నేను నమ్ముతాను. అయితే ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ ఖాళీగా కనిపించే నేల ఏదీ ఖాళీ నేల కాదు. ఒక వాలు ఎవరిదో పోడు, ఒక చదును ఊరివారి పశువుల మేత బీడు, ఒక చెట్టు కింద ఊరి దేవత ఉంటుంది, మిగిలినది రిజర్వు అడవి. అందుచేత గుడారం వేయడం ఈ ప్రయాణంలో చివర చేయవలసిన పని, అడగడం మొదట చేయవలసిన పని.

కాలాన్ని ఎంచుకోవడం

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు వెళ్లండి. వానాకాలంలో గెడ్డలు, అంటే కొండవాగులు, చూస్తుండగానే పొంగుతాయి, దారులు జారుతాయి, జలగలు పట్టుకుంటాయి. వేసవిలో మధ్యాహ్నం ఎండ, సాయంత్రం ఉరుములు, మెరుపులతో గాలివాన. దసరా సెలవులు దొరికాయని అక్టోబరులో బయలుదేరేవారు చాలామంది ఉంటారు కనుక ఆ నెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ తీరానికి పెద్ద తుఫానుల నెల అక్టోబరే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండలను ముంచెత్తింది. ఆ వానకు బరఘరా గ్రామస్థులు కొందరు ఒక గుహలో తలదాచుకోగా కొండచరియ విరిగిపడి ప్రాణాలు కోల్పోయారు. కొండ పుట్టి పెరిగిన మనుషులకే అలా జరిగిన చోట, బయటి నుంచి వచ్చినవారు బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త విన్న తరువాత కూడా బయలుదేరడం సాహసం అనిపించుకోదు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, ఇప్పటికే కొండపై ఉంటే ఆ పూటే దిగిపోండి.

చోటును ఎంచుకోవడం

మొదటిసారి వచ్చేవారికి గండాహతి జలపాతం పరిసరాలు తగినవి. పర్లాకిమిడి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలోనే ఉంటుంది కాబట్టి, ఏదైనా తేడా వస్తే పట్టణానికి చేరడం కష్టం కాదు. ముందు ఒక పగలు అక్కడ గడిపి, నేల, నీరు, మనుషులు ఎలా ఉన్నారో చూసుకుని, రాత్రి బస మరో ప్రయాణంలో పెట్టుకోవడం మంచిది. జలపాతం దిగువన నీటి అంచున మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ గుడారం వేయకూడదు. పైన ఎక్కడో కురిసిన వాన మీ తలపై చినుకు పడకుండానే నీటిమట్టాన్ని పెంచగలదు.

రెండవది మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేసిన కొండగా పురాణాలు చెప్పేది దీనినే. సముద్రగుప్తుడి ప్రయాగ ప్రశస్తిలో దీని పేరు ఉంది. తొలి గాంగరాజులు మహేంద్రాచల శిఖరాన ఉన్న గోకర్ణేశ్వరుడిని తమ కులదైవంగా శాసనాల్లో చెప్పుకున్నారు, రాజేంద్ర చోళుడి జైత్రయాత్ర గుర్తులూ ఇక్కడ ఉన్నాయి. భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి అని పిలిచే పాత రాతి గుళ్లు పైభాగంలో ఉంటాయి. అవి నేటికీ పూజలు జరిగే గుళ్లు కాబట్టి వాటి ఆవరణలో వండుకోవడం, మాంసం, మద్యం తీసుకెళ్లడం, గోడలకు ఆనించి తాళ్లు కట్టడం చేయకండి. శివరాత్రికి ఈ కొండ భక్తులతో నిండిపోతుంది. ఆ రోజుల్లో యాత్రికులుగా వెళ్లండి, శిబిరం ఆలోచన పెట్టుకోకండి. ఒడిశా ప్రభుత్వం 2022లో మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఔషధ మొక్కలకు పేరుపడిన కొండ ఇది, కనుక ఒక్క వేరు కూడా తవ్వకుండా దిగిరావడం మన బాధ్యత.

గుడారం వద్దు, కొండగాలి చాలు అనుకునే కుటుంబాలు ఇదే జిల్లాలోని మోహన అనే ఊరి వైపు వెళ్లవచ్చు. 1963లో టిబెట్ కాందిశీకులు స్థిరపడిన చంద్రగిరి ప్రాంతంలో, జిరంగ్ వద్ద పద్మసంభవ మహావిహారం ఉంది. దానిని 2010లో దలైలామా ప్రారంభించారు. ఆ దారిలోనే ముందుకు సాగితే గంజాం జిల్లాలోని తప్తపాణి వేడినీటి బుగ్గ వస్తుంది, అక్కడ ఒడిశా పర్యాటక సంస్థ వసతిగృహం కూడా ఉంది. పిల్లలూ పెద్దలూ కలిసి వచ్చినప్పుడు ఇదే సుఖమైన ఏర్పాటు.

లఖారీ లోయ వన్యప్రాణి అభయారణ్యం ఏనుగులకు ఆవాసం. అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గుడారం సంగతి అక్కడ తలపెట్టవద్దు.

అనుమతి అడగడం

ఇది మూడు చోట్ల అడగవలసిన పని, మూడింటినీ వరుసగా చేయాలి.

బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు పర్లాకిమిడి అటవీ డివిజన్ కార్యాలయానికి ఒక దరఖాస్తు రాయండి. ఎంతమంది, ఏ తేదీ, ఏ చోటు, ఏ వాహనం, వంట ఎలా చేసుకుంటారు అన్న వివరాలతో పాటు ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు నకలు జతచేయండి. ఒడిశా అటవీ శాఖ ఎకోటూర్ ఒడిశా పేరుతో అనేక చోట్ల ప్రకృతి శిబిరాలు నడుపుతోంది. వాటిలో ఆయా గ్రామాలవారే వంట, కాపలా, దారి చూపడం వంటి పనులు చేసి ఆదాయం పొందుతారు. మీరు వెళ్లదలచిన తేదీకి మీ దారిలో అటువంటి శిబిరం దొరుకుతుందేమో ముందుగా ఆన్‌లైన్‌లో చూసుకోండి. దొరికితే సొంత గుడారం పట్టుదల మానుకుని అందులో దిగడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మీ డబ్బు నేరుగా ఆ ఊరికి చేరుతుంది, మీ రాత్రికి కాపలా ఉంటుంది.

అటవీ శాఖ సమ్మతించిన తరువాత ఆ చోటుకు దగ్గరి పోలీసు స్టేషనులో మీ పేర్లు, ఫోన్ నంబర్లు, తిరిగివచ్చే రోజు రాసి ఇవ్వండి. ఇది సరిహద్దు కొండల ప్రాంతం. చీకటి పడ్డాక కొత్త మనుషుల దీపాలు కనిపిస్తే ఎవరైనా అనుమానించడం సహజం. ముందే తెలిపినవారికి ఆ ఇబ్బంది ఉండదు, ఆపద వస్తే వెతకడానికి వచ్చేవారికి కూడా ఒక ఆధారం ఉంటుంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఊరివారిని అడగడం. 2006 అటవీ హక్కుల చట్టం తరువాత గ్రామసభలకు తమ అడవి మీద చట్టపరమైన మాట ఉంది. చట్టం లేని రోజుల్లోనూ ఆ మర్యాద ఉండవలసిందే. పగలు వెలుతురుండగానే ఊరికి చేరండి. నేరుగా వీధిలోకి వాహనం పోనివ్వకుండా ఊరి మొదట ఆపి నడిచి వెళ్లండి. సవర గూడెమైతే గొమాంగో అని పిలిచే ఊరిపెద్ద ఎక్కడ ఉన్నారో అడగండి, లేదా వార్డు మెంబరును కలవండి. పెద్దాయన తెలుగు ఎరిగినవారైతే తాతా అని పలకరించినా, ఒడియా మాట్లాడేవారైతే మౌసా అన్నా బాగానే ఉంటుంది. తెలుగు తెలియనివారితో ‘ఎఠి రహిపారిబు కి?’ అంటే ఇక్కడ ఉండవచ్చా అని అడిగినట్టు. ‘ఎఠికి హాతీ ఆసంతి కి?’ అంటే ఇటు ఏనుగులు వస్తాయా అని. ఈ రెండు ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా సామాను దించకండి. వద్దు అంటే కారణం అడిగి వాదించకుండా వెనుదిరగండి.

ఊళ్లోంచి ఒక మనిషిని దారి చూపడానికి, రాత్రి తోడుండడానికి కూలి మాట్లాడుకుని వెంట తీసుకెళ్లండి. కూలి ఎంతో ముందే తేల్చుకుని, తిరిగి వచ్చాక చేతికి నగదు ఇవ్వండి. సిగ్నల్ లేని చోట ఫోన్ చెల్లింపులు పనిచేయవు కాబట్టి చిల్లర నోట్లు పర్లాకిమిడిలోనే తీసుకోవాలి.

సవరల ఇళ్లలో గోడమీద పిండితో వేసిన ఇడితల్ చిత్రాలు కనిపిస్తే అవి అలంకారం కోసం వేసినవి కావు, పితృదేవతలకూ దైవాలకూ చేసిన పూజ. అడగకుండా ఫోటో తీయకండి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఈ సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. తెలుగువాళ్లకు ఈ గూడేలలో ఉన్న గౌరవప్రదమైన పరిచయం అది, దానికి తగినట్టు నడుచుకోవడం మన వంతు.

సామాను సిద్ధం చేసుకోవడం

రైలులో రాదలచినవారు హౌరా, చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న నౌపడ జంక్షన్‌లో దిగి గుణుపురం వెళ్లే బండి ఎక్కాలి. 1900లో పర్లాకిమిడి రాజులు రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలతో వేయించిన దారి ఇది, 2004లో ఆ చిన్న బండిని ఆపి తరువాత బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. బండ్లు తక్కువ కాబట్టి వేళలు చూసుకోండి, తప్పితే పలాస లేదా టెక్కలి నుంచి బస్సు ఉంటుంది. రైలులో గ్యాస్ సిలిండరు, ఎంత చిన్నదైనా, తీసుకురావడం నిషేధం. అందుచేత రైలులో వచ్చేవారు వంట పెట్టుకోకుండా పులిహోర, చపాతీలు, అటుకులు, వేరుశనగపప్పు, బెల్లం, అరటిపండ్లతో ఒక రాత్రి గడుపుకోవడం సులభం. సొంత వాహనంలో వచ్చేవారు చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చుకోవచ్చు. పొయ్యికి అడవిలో పుల్లలు ఏరుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు.

గుడారం పైన రెండవ పొర ఉండేది కావాలి. శీతాకాలంలో ఇక్కడ మంచు బాగా కురుస్తుంది, ఒకే పొర గుడారంలో మన ఊపిరి తేమ లోపలే చేరి తెల్లవారేసరికి దుప్పట్లు తడిసిపోతాయి. నేలమీద ముందు మందపాటి టార్పాలిన్, దానిపైన ఫోమ్ చాప పరచాలి, ఎందుకంటే పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా చలి నేల నుంచే ఎక్కువగా లాగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. కాబట్టి పర్లాకిమిడిలో రాత్రి 15 డిగ్రీలు ఉన్నప్పుడు మహేంద్రగిరి పైన 7 డిగ్రీల దాకా పడిపోవచ్చు. గాలి దానికి అదనం. ఉన్ని టోపీ, మేజోళ్లు, చెవులు మూసే మఫ్లరు పిల్లలకే కాదు, పెద్దలకూ తప్పనిసరి.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల నీరు లెక్కపెట్టుకోండి. గెడ్డ నీరు వాడవలసి వస్తే గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలైన తరువాత కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి, అదనపు సెల్లులు, ఈల, పది మీటర్ల తాడు, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయాల మందు, దోమల మందు, నిండు చేతుల చొక్కాలు, బూట్లు, చెత్తకు రెండు గట్టి సంచులు ఉంటే చాలు. స్పీకర్లు ఇంటి దగ్గర వదిలి రండి.

గుడారం వేయడం

సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే చోటు తేల్చుకోవాలి. కొండల మధ్య చీకటి తొందరగా పడుతుంది. ఊరివారు చూపిన చోటులో కూడా కొన్ని విషయాలు మీరే సరిచూసుకోండి. గెడ్డ నుంచి కనీసం 60 మీటర్ల దూరం, ప్రవాహం గుర్తులకన్నా ఎత్తున ఉండాలి. పైన ఎండుకొమ్మలు వేలాడే చెట్టు గానీ తేనెపట్టు గానీ ఉండకూడదు. పుట్టలు, రాళ్ల గుట్టలు, గడ్డివాములు దూరంగా ఉండాలి, అవి పాములకు నెలవు. నేలమీద గుండ్రటి పెద్ద అడుగులు, పేడ ముద్దలు, విరిగిన అరటి బోదెలు కనిపిస్తే అది ఏనుగుల దారి, అక్కడ క్షణం కూడా ఆగవద్దు. వరి కోసిన మళ్లు చదునుగా ఉండి ఆకర్షిస్తాయి, కానీ నవంబరు, డిసెంబరులో కుప్పలు పొలంలోనే ఉంటాయి కాబట్టి ఏనుగులు వచ్చేది అక్కడికే.

మహేంద్రగిరి పైభాగం చెట్లు తక్కువగా ఉండే గడ్డి, రాళ్ల నేల, గాలి విసురుగా ఉంటుంది. శిఖరాన కాకుండా కొంచెం దిగువన, గాలికి అడ్డుగా గుట్ట ఉన్న వైపు, గుడారం వాకిలి గాలికి ఎదురు కాకుండా వేయండి. మేకులు దిగని చోట రాళ్లకు తాళ్లు కట్టి, ఆ రాళ్లను పొద్దున తిరిగి వాటి చోట పెట్టండి. గుడి శిథిలాల రాళ్లు ముట్టుకోవద్దు, చెక్కడం లేని రాయి కూడా ఒకప్పటి గోడదే కావచ్చు.

మరుగు కోసం నీటికి, దారికి 60 మీటర్ల దూరాన జానెడు లోతు గుంట తవ్వి, తరువాత మట్టితో పూడ్చాలి. వాడిన కాగితం, ప్యాడ్లు సంచిలో వెనక్కి తేవాలి.

రాత్రి జాగ్రత్తలు

అడవిలో నెగడు వెయ్యకండి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలి ఎండిపోయిన ఈ కొండలు ఒక నిప్పురవ్వకు అంటుకుంటాయి, రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం కూడా. ఊరివారు తమ ముంగిట్లో మంట వేసుకుని పిలిస్తే వెళ్లి కూర్చోండి, అంతకన్నా మంచి సాయంత్రం దొరకదు. జీలుగు కల్లు ఇస్తే తాగాలన్న నియమం లేదు, వద్దని మర్యాదగా చెప్పవచ్చు. తాగి అడవిలోకి తిరిగి నడవడం మాత్రం ప్రమాదం. ఏనుగులు పులిసిన వాసనకు, ఉప్పుకు, ధాన్యానికి, పండ్లకు దూరం నుంచే వస్తాయి. కనుక ఆహారమంతా మూతలున్న డబ్బాల్లో పెట్టి గుడారంలో కాకుండా వాహనంలోనో ఊళ్లో ఒకరి ఇంట్లోనో ఉంచండి. ఏనుగు వచ్చిందని తోడు మనిషి చెబితే టార్చి మొహంమీద వేయడం, కేకలు, టపాసులు, వీడియోలు ఏవీ వద్దు. సామాను వదిలేసి ఆయన చూపిన దారిన ఊరికి నడవండి.

ఎలుగుబంట్లు వేకువ, మునిమాపు వేళల్లో తిరుగుతాయి. ఇప్పపూలు రాలే కాలంలో మరీ ఎక్కువ. ఆ వేళల్లో ఒంటరిగా బయటకు వెళ్లకుండా ఇద్దరు కలిసి, మాట్లాడుకుంటూ, దీపంతో వెళ్లండి. హఠాత్తుగా ఎదురుపడినప్పుడే ఎలుగు మీదపడుతుంది.

గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి. కట్లపాము రాత్రిపూట నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది, నొప్పి అంతగా ఉండకపోవచ్చు, కాటు గుర్తు కనిపించకపోవచ్చు. వేకువన కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే పాముకాటుగానే భావించి బయలుదేరాలి. కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకండి. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, 108కు ఫోన్ చేస్తూనే ఆసుపత్రి వైపు బయలుదేరండి. పర్లాకిమిడిలో జిల్లా ప్రధాన ఆసుపత్రి ఉంది. సిగ్నల్ ఏ మలుపు దగ్గర అందుతుందో పగలే గమనించి పెట్టుకోవడం అందుకే.

పిడుగుల విషయంలో ఒడిశా ఎంతో నష్టపోయిన రాష్ట్రం. దామిని అనే యాప్ చుట్టుపక్కల పిడుగులను ముందుగా సూచిస్తుంది, సిగ్నల్ ఉన్నంతసేపు చూసుకోండి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీదాకా రాగలదనే అర్థం. శిఖరం, ఒంటరి చెట్టు, నీటి అంచు విడిచి వాహనంలోకో పక్కా ఇంట్లోకో చేరాలి. గుడారం పిడుగు నుంచి కాపాడదు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగకుండా తిరిగి పైకి వెళ్లవద్దు.

దిగిరావడం

పొద్దున గుడారాన్ని ఎండలో ఆరబెట్టి మడవండి. మీ చెత్తతో పాటు అక్కడ ముందే పడివున్న సీసాలు కొన్ని అయినా ఏరుకురండి. ఘాట్ దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదలకుండా, ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగండి, బ్రేకులు వేడెక్కవు. ఊళ్లో ఆగి తోడు వచ్చిన మనిషికి కూలి ఇచ్చి, పెద్దాయనకు చెప్పి, పోలీసు స్టేషనుకు ఫోన్ చేసి దిగామని తెలపండి.

దక్షిణ ఒడిశా కొండ జిల్లాలు చాలాకాలంగా మలేరియాకు పేరుపడ్డవి. పురుగుకాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఒడిశాలో ఉంది. అందువల్ల ఇంటికి చేరిన తరువాత నెలరోజుల లోపు జ్వరం వస్తే ఫ్లూ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి. వైద్యుడికి మొట్టమొదట చెప్పవలసిన మాట, గజపతి జిల్లా కొండల్లో ఫలానా తేదీన ఆరుబయట నిద్రించాము అన్నదే.